ధన్వంతరి చేతిలో జలగ ఎందుకుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ! మా అబ్బాయి ధన్వంతరి పటం తెచ్చి దేవుడి గదిలో పెట్టాడు. శంఖం, చక్రం, అమృత కలశం సరే, నాలుగో చేతిలో జలగ ఉంది. మా అత్తగారు చూసి 'పటం తప్పు వేశారు, తీసేయండి' అంటున్నారు. తీసేయాలా? ఇంకో సందేహం. ఆయుర్వేదాన్ని మొదలుపెట్టింది ధన్వంతరేనా? భరద్వాజుడని ఒకచోట చదివాను. ధన్వంతరి జయంతి ఎప్పుడో కూడా చెప్పండి. (ఒక గృహిణి, తణుకు)

జవాబు: తీయకండమ్మా, అది సరైన పటమే. వైద్యులం చదువుకునే ధ్యానశ్లోకంలోనే 'శంఖం చక్రం జలౌకాం' అని ఉంది. కొందరు చిత్రకారులు జలగ బదులు మూలికలు వేస్తారు. నాకు మాత్రం జలగ ఉన్న పటమే ఇష్టం. ఆయన చేతి పని తెలిసిన వైద్యుడని అది చూడగానే తెలుస్తుంది.

పాలసముద్రం చిలికినప్పుడు అమృతంతో వచ్చిన ధన్వంతరి మనందరికీ తెలుసు. శస్త్రచికిత్స గురించి చెప్పే పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో ఆయనే కాశీరాజు దివోదాసు. సుశ్రుతుడూ, తోటి శిష్యులూ ఆశ్రమానికి వెళ్లి, రోగాలతో జనం పడే బాధ చూడలేకపోతున్నాం, ఆయుర్వేదం నేర్పండి అని వేడుకుంటారు. అన్నిటికంటే ముందు వాళ్లు కోరింది శల్యతంత్రం, అంటే సర్జరీ.

ఆ గ్రంథంలో జలగలకే ఒక అధ్యాయం ఉంది. విషం ఉన్నవి 6 రకాలు, లేనివి 6 రకాలు. కత్తిగాటు తట్టుకోలేని పిల్లలకు, ముసలివాళ్లకు, భయస్తులకు చెడురక్తం తీయడానికి జలగను వాడమన్నారు. దాని ఒంటికి ఆవాలు, పసుపు నూరిన ముద్ద రాసి, కాసేపు నీళ్లలో వదిలి, తేరుకున్నాక పట్టించాలి. పట్టకపోతే అక్కడ ఒక పాలచుక్క వేయాలి. పోటు, దురద మొదలైతే మంచి రక్తం తాగుతోందని గుర్తు, వెంటనే తీసేయాలి. వదలకపోతే నోటి దగ్గర సైంధవ లవణం చల్లాలి. ఎంత దగ్గరగా చూసి రాశారో చూడండి! (ఇది చదివి ఇంట్లో ప్రయత్నించకండి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు అసలే వద్దు.)

శిష్యులను రోగి దగ్గరికి పంపేముందు కాయల మీద సాధన చేయించేవారు. కోత బూడిదగుమ్మడి, సొర, దోసకాయల మీద, సిర పొడవడం తామరతూళ్ల మీద, కుట్లు మందపాటి గుడ్డ మీద, కట్లు మనిషి బొమ్మకు. నేను ఈ అధ్యాయం చెప్పేటప్పుడు క్లాసుకు సొరకాయ తెప్పించేదాన్ని. కాయ మీద కోత పెట్టేటప్పుడే కొందరు పిల్లలకు టెన్షన్‌తో చేతులు వణికేవి.

ఇక భరద్వాజుడి సంగతి. బ్రహ్మ, దక్షుడు, అశ్వినీ దేవతలు, ఇంద్రుడు, ఈ గురువుల వరస చరక సంహిత, సుశ్రుత సంహిత అనే రెండు ఆయుర్వేద గ్రంథాల్లోనూ ఒకటే. ఇంద్రుడి దగ్గర నేర్చుకున్నది భరద్వాజుడని చరక సంహిత, ధన్వంతరి అని సుశ్రుత సంహిత చెబుతాయి. మొదటిది మందులతో నయం చేసే కాయచికిత్స దారి, ఆత్రేయుడి నుంచి అగ్నివేశుడికి వచ్చింది. రెండోది శస్త్రచికిత్స దారి. వాళ్లకు పోటీ లేదు. కడుపులో గుల్మం (గడ్డ) చీముపట్టి పక్వమైతే, అక్కడ అధికారం ధన్వంతరి సంప్రదాయం వారిదేనని చరక సంహితే రాసింది. మన చేతిలో లేని కేసును తెలిసినవాళ్లకు పంపాలన్న ఈ మర్యాదంటే నాకు చాలా గౌరవం.

అసలు మొదలుపెట్టింది ఎవరంటే, చరకుడి మాటే నాకు సమ్మతం. ఆయుర్వేదం ఒకప్పుడు లేకుండా ఉండి తర్వాత పుట్టింది కాదు, తెలుసుకోవడం, బోధించడం, వీటికే మొదలు చెప్పగలం అంటాడాయన. ధన్వంతరిని మనం కొలిచేది అలా బోధించిన గురువుగా కూడా.

జయంతి ఆశ్వయుజ బహుళ త్రయోదశి నాడు, దీపావళి ముందు వస్తుంది. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం జాతీయ ఆయుర్వేద దినోత్సవాన్ని కూడా ఆ తిథికే జరిపేది. 2025 నుంచి దాన్ని సెప్టెంబరు 23కి మార్చింది. ఇంట్లో పూజ మాత్రం త్రయోదశికే చేసుకోండి.