సమాధానం: లక్క బొమ్మల వర్క్‌షాపుకి పెద్ద ఆర్డర్ వచ్చింది, లోన్ తీసుకుని మెషీన్లు కొనాలా?

ఇప్పుడే కొనకండి. ఏటికొప్పాకలో నలుగురు పనివాళ్లు, బెంగళూరు షాపు నుంచి నెలకు 2000 బొంగరాల ఆర్డర్ అని రాశారు. మీకు అడ్డం పడేది లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే మెషీన్) కాదు, కర్ర. బొమ్మలకు వాడే అంకుడు కర్ర సరిగా ఆరకుండా లేత్ మీద తిప్పితే తర్వాత పగులుతుంది, లక్క ఊడుతుంది, సరుకు వెనక్కి వస్తుంది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు ముందు కర్ర స్టాకు మీద, గాలి ఆడే షెడ్డు మీద పెట్టండి.

తర్వాత పని విడగొట్టండి. ఒకరు ముక్కలు కోయడం, ఇద్దరు తిప్పడం, ఒకరు లక్క పట్టించి మొగలి ఆకుతో మెరుగు పెట్టడం. ప్రతి డిజైనుకీ రేకుతో ఒక కొలత అచ్చు చేయించండి. చేతిపనిలో కాస్త తేడా ఉంటుంది, కానీ షాపువాడికి డబ్బాలో పట్టాలి కదా!

బొమ్మలకు 2021 జనవరి నుంచి బిఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. హస్తకళల కమిషనర్ ఆఫీసులో నమోదైన కళాకారులు తామే చేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. కంపెనీ పెట్టి ఆ పేరుతో అమ్మాలనుకుంటే మాత్రం బిఐఎస్ వాళ్లను ముందే అడగండి.

అసలు టెన్షన్ పేమెంటు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఉచితమే, ఏజెంటుకి రూపాయి ఇవ్వొద్దు. అది ఉంటే, ఒప్పందంలో ఏం రాసుకున్నా కొన్నవాడు 45 రోజుల్లోపు చెల్లించాలి. అయినా సగం అడ్వాన్సు అడగండి. ఇవ్వనంటే 500 బొంగరాలతో మొదలుపెట్టండి.

లోన్ సంగతి మూడు, నాలుగు ఆర్డర్లు సకాలంలో పంపాక చూద్దాం. పిఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం)లో తయారీ యూనిట్లకు 50 లక్షల ప్రాజెక్టు వరకు సబ్సిడీ ఉంది, కానీ అది కొత్త యూనిట్లకే.