బొమ్మ పూర్తికాకముందే చెప్పవలసిన మాట

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. బీటెక్ పూర్తయింది. జగిత్యాల దగ్గర మా ఊళ్లో నాన్న దర్జీ పని చేస్తారు. బ్యాంకు కోచింగ్ కోసం ఆయన ఇచ్చిన 35,000 రూపాయలతో, ఎవరికీ చెప్పకుండా, తెర ఉన్న పెన్ ట్యాబ్లెట్ కొన్నాను. గేమ్ కంపెనీలో కాన్సెప్ట్ ఆర్టిస్టుగా, అంటే ఆటలోని పాత్రలు, లోకం ఎలా ఉండాలో ముందుగా గీసి చూపేవాడిగా చేరాలన్నది నా కోరిక. హైదరాబాదులో పిన్ని వాళ్లింట్లో ఉంటూ, కోచింగ్ బాగా సాగుతోందని ప్రతి ఆదివారం ఫోనులో చెబుతున్నాను. పోర్ట్‌ఫోలియో (కంపెనీలకు చూపించే నా బొమ్మల సంకలనం) ముగించి, ఉద్యోగం వచ్చాక నిజం చెబుదామనుకున్నాను. 14 నెలల్లో 40 బొమ్మలు మొదలుపెట్టి మూడే ముగించాను. నాన్నను ఎలా ఒప్పించాలి?

జవాబు: నలభై మొదలుపెట్టి మూడే ముగించానన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీకు బద్ధకమూ లేదు, చేతకానితనమూ లేదు. పోర్ట్‌ఫోలియో పూర్తయిన రోజే నిజం చెప్పాలని మీకు మీరే ముడి వేసుకున్నారు కాబట్టి, గీసే ప్రతి బొమ్మా బాగుండడమే కాక, ఆడిన అబద్ధాన్ని మాఫీ చేయించేంత గొప్పగా కూడా ఉండవలసి వస్తోంది. అంత బరువు మోయగల బొమ్మను ఎవరూ గీయలేరు. అందుకే చివరి మెరుగుల దాకా వచ్చి, దాన్ని వదిలి కొత్తది మొదలుపెడుతున్నారని నాకనిపిస్తోంది.

కాబట్టి ముందు నిజం చెప్పండి. ఫోనులో వద్దు, అమ్మతోనో పిన్నితోనో ముందుగా చెప్పించడమూ వద్దు. ఊరికి వెళ్లి, ఆయన దుకాణం కట్టేసి వచ్చి భోజనం చేశాక, డబ్బు దేనికి ఖర్చుపెట్టారో, ఎన్నాళ్లుగా దాచారో సాకులు చెప్పకుండా చెప్పండి. ఆయనకు కోపం వస్తుంది, అది న్యాయమైన కోపమే. ఆ రాత్రి బొమ్మలు చూపించకండి, లంచం ఇచ్చినట్టుంటుంది. చుట్టుపక్కల పిల్లలకు బొమ్మలు నేర్పి నెలకు 2,500 చొప్పున తిరిగిస్తే, దాచిన ఆ 14 నెలలంత కాలంలోనే బాకీ తీరుతుంది.

తర్వాత ఆరు నెలల గడువు అడగండి. ఈ రంగంలో కొత్తవారికి చోట్లు తక్కువ కనుక ఉద్యోగం తప్పక వస్తుందని ఆయనకు మాట ఇవ్వకండి. గడువు దాటితే ఏదో ఒక కొలువు చూసుకుని, రాత్రులు గీసుకుంటానని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి.

నలభై బొమ్మలు అక్కర్లేదు. ఒకే కథాలోకానికి చెందిన ఎనిమిదో పదో చాలు. ఎంపిక చేసేవారు తుది రంగుల బొమ్మతో పాటు మీ ఆలోచన నడిచిన దారిని కూడా చూడగోరుతారు. ముందు చిన్న చిన్న నీడరూపాలు, వాటిలో ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నారో, ఆపైన అదే పాత్ర ముందునుంచి, పక్కనుంచి, వెనుకనుంచి, చివరికి ముఖకవళికలు, దుస్తుల వివరాలు. చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుణ్ణి, శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టి నడిచే ఆ రాజును, నల్లని నీడగా చూపినా మనం గుర్తుపడతాం. మీ పాత్రలనూ అదే పరీక్షకు పెట్టండి. సాఫ్ట్‌వేర్ కోసం ఇక రూపాయి ఖర్చు వద్దు. క్రిటా ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి అది సరిపోతుంది.

దుస్తుల షీటు దగ్గరే కొత్తవారు ఎక్కువగా తడబడతారు. చూడడానికి అందంగానే ఉంటుంది గానీ, ఆ అంగీ ఎక్కడ తెరుచుకుంటుందో, ఎలా తొడుక్కుంటారో గీసినవారికే తెలియదు. మీ ఇంట్లో ఆ సంగతి తెలిసిన మనిషి ఉన్నారు. ఆయన కోపం చల్లారాక, వారమో నెలో పట్టినా సరే, ఒక పాత్రను కాగితంపై ప్రింటు తీసి పట్టుకెళ్లండి. కత్తి దూయడానికి చెయ్యి ఎత్తితే చంక కుట్టు నిలుస్తుందా, అస్తరు వేయాలా, కాజాలు ఏ వైపు ఉండాలి అని అడగండి. ఆయనను మెత్తబరచడానికి కాకుండా నిజంగా తెలుసుకోవడానికే అడగండి, ఆయన చెప్పినట్టు గీతలు దిద్దండి.