బ్యాంకాక్ వెళ్లేముందు ఫోన్ సంగతి ఇక్కడే తేల్చుకోండి

ప్రశ్న: వచ్చే నెల నలుగురం బ్యాంకాక్ వెళ్తున్నాం. అక్కడి సిమ్ వేసుకుంటే బ్యాంకు ఓటీపీలు రావంటున్నారు, నిజమేనా? యూపీఐ పనిచేస్తుందా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మన సిమ్ తీసి పర్సులో పెట్టుకుంటే ఓటీపీలు ఎలా వస్తాయండీ? దాన్ని కదపకండి. ఫోన్‌లో *#06# కొట్టి చూడండి, ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని కనిపిస్తే మీ ఫోన్ ఈ-సిమ్ (చిప్ ముక్క లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) తీసుకుంటుంది. అప్పుడు ఏఐఎస్, ట్రూ లాంటి అక్కడి కంపెనీల టూరిస్ట్ ఈ-సిమ్ ముందే కొని, ఇంటి వైఫై మీదే ఎక్కించుకుని, దిగగానే డేటాకు దాన్ని ఎంచుకుని, మన సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. అయితే మన నంబర్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్‌లో లేకపోతే ఇంత చేసినా మెసేజ్‌లు రావు, అది మీ ప్లాన్‌లో ఉందో లేదో కస్టమర్ కేర్‌ని ఇప్పుడే అడగండి. అక్కడున్నప్పుడు మన నంబర్‌కు వచ్చే కాల్స్ ఎత్తకండి, బిల్లు వాచిపోతుంది. అక్కడ క్యాబ్‌లు బుక్ చేసుకునే గ్రాబ్ యాప్ కూడా ఇక్కడే వేసుకుని నంబర్ వెరిఫై చేసుకోండి. తిరుగు ప్రయాణంలో క్యాబ్ బుక్ చేసేటప్పుడు టికెట్ మీద సువర్ణభూమి ఉందా, డాన్ మువాంగ్ ఉందా చూసుకోండి, అక్కడ ఎయిర్‌పోర్టులు రెండు.

యూపీఐని నమ్ముకోవద్దు. నూడుల్స్ బండి మీద కూడా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది కానీ అది ప్రాంప్ట్‌పే, అంటే వాళ్ల యూపీఐ లాంటిది, అక్కడి బ్యాంకు ఖాతాలున్నవాళ్ల కోసం. అందుకే చేతిలో బాత్‌లు, అంటే అక్కడి కరెన్సీ, ఉండాలి. ఏటీఎంలు విదేశీ కార్డు పెట్టిన ప్రతిసారీ 200 బాత్‌ల పైనే లాగేస్తాయి కాబట్టి చిల్లరచిల్లరగా తీయకండి, రూపాయల్లో లెక్కకట్టమంటారా అని స్క్రీన్ అడిగితే వద్దని బాత్‌లే నొక్కండి. 2020 అక్టోబర్ నుంచి మన కొత్త కార్డుల్లో అంతర్జాతీయ వాడకం ఆఫ్‌లోనే వస్తోంది, బ్యాంకు యాప్‌లో ఆన్ చేశారా? ఎంఆర్‌టీ బ్లూ లైన్ మెట్రోలో వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డు గేటుకు తాకిస్తే చాలు, కాకపోతే ఒక కార్డుకు ఒక్కరే.

ప్రశ్న: థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డుకు ఒక సైట్ డబ్బులు అడుగుతోంది. కట్టాలా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దు, ఆ సైట్ మూసేయండి. 2025 మే 1 నుంచి తప్పనిసరి చేసిన ఈ ఫారం పూర్తిగా ఉచితం. వాళ్ల ఇమిగ్రేషన్ శాఖ అసలు సైట్ అడ్రసు చివర డాట్ జీఓ డాట్ టీహెచ్ ఉంటుంది. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనలు నొక్కితేనే ఈ తిప్పలు. దిగే రోజుకు ముందు 3 రోజుల్లోపు నింపాలి, ఆ క్యూఆర్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ప్రశ్న: 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, ల్యాప్‌టాప్ ఛార్జర్, వేప్ (ఈ-సిగరెట్) తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకుడు, వైజాగ్

జవాబు: పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే. మీది సుమారు 74 వాట్-అవర్లే కాబట్టి విమానాల్లో ఉండే 100 వాట్-అవర్ల పరిమితిలోపే ఉంది, కానీ థాయ్ ఎయిర్‌వేస్ 2025 మార్చి నుంచి విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు. వోల్టేజీ మనలాగే, కన్వర్టర్ దండగ. ఫోన్ రెండు పిన్నుల ఛార్జర్ దూరుతుంది, ల్యాప్‌టాప్ మూడు పిన్నులదానికి మాత్రం అడాప్టర్ కొనండి. వేప్ ఇంట్లోనే వదిలేయండి, థాయ్‌లాండ్‌లోకి తీసుకెళ్లడమే నేరం.