మీ అత్తగారికి ఎవరూ చెప్పలేదమ్మా

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. అత్తగారిది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లయిన పదకొండేళ్లకి ఒక పాపను దత్తత తీసుకున్నాం. రెండేళ్లు కావస్తోంది. ఇప్పుడు పాపకి ఆరున్నర. శిశుగృహకి రాకముందు చాలా దెబ్బలు తింది, ఆకలి చూసింది. వీపు మీద కాలిన మచ్చలున్నాయి. మాటలు ఆలస్యం, నేర్చుకోవడం నెమ్మది. పెద్ద చప్పుడు వినిపిస్తే చెవులు మూసుకుని కూర్చుండిపోతుంది. పోయిన సంక్రాంతికి మొదటిసారి ఊరు తీసుకెళ్లాం. భోగి మంట దగ్గర వణికిపోయింది. శిశుగృహ నుంచి వచ్చిన రోజు వేసుకున్న పాత గౌను దాని సంచిలో ఉంటే, అత్తయ్యగారు తీసుకొచ్చి మంటలో వేసేశారు. అప్పుడు మావారు పక్కనే ఉన్నారు. సాయంత్రం భోగిపళ్లు పోస్తుంటే పాప రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. పేరంటానికి వచ్చినవాళ్లు నవ్వారు. తర్వాత ఐదు రోజులు పాప నోరు విప్పలేదు. పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఇప్పుడు అత్తయ్యగారు ఈ పండగకి కూడా రమ్మని, భోగిపళ్లు ఘనంగా పోద్దామని రోజూ ఫోన్. ఆవిడ మూర్ఖత్వం భరించలేకపోతున్నాను. పాప గతం గురించి ఆవిడకేమీ తెలియదు. ‘అమ్మకి బీపీ, చెప్తే బాధపడుతుంది’ అంటారు మావారు. ‘మూడు రోజులే కదా, సర్దుకో’ అంటారు. పాపకి జ్వరమని చెప్పి ఈసారి మానేయమంటారా?

జవాబు: లేని జ్వరాన్ని పండగ పూట పిల్లకి అంటగట్టకండి. మీకూ మనసొప్పలేదు కాబట్టే నన్నడిగారు. ఈసారి భోగికి వెళ్లొద్దు. భోగి, సంక్రాంతి మీ ఇంట్లోనే చేసుకుని కనుమ నాటికి ఊరు చేరండి. వెళ్లాలా మానాలా అన్నదానికి నా జవాబు ఇంతే. దానికోసమే అయితే మీరింత ఉత్తరం రాసి ఉండరు.

ఉత్తరం నిండా అత్తగారి మీద కోపమే. నన్ను ఆపేసింది మాత్రం వేరే ముక్క. ‘అప్పుడు మావారు పక్కనే ఉన్నారు.’ అంతే రాసి, మళ్లీ అత్తగారి దగ్గరికి వెళ్లిపోయారు. నేను ఆ మాట దాటి ముందుకి పోలేకపోయాను.

ఆ గౌను ఏమిటో ఆయనకి తెలుసు. పాపను ఇంటికి తెచ్చుకున్న రోజు ఆయనా ఉన్నారు. వీపు మీద మచ్చలు ఆయనా చూశారు. మీ అత్తగారికి తెలిసిందల్లా భోగి నాడు ఇంట్లో పాతవి మంటలో వేస్తే పీడ పోతుందని. వీధంతా విరిగిన కుర్చీలూ, అరిగిన చీపుళ్లూ, చిరిగిన చాపలూ తెచ్చి వేస్తుంటే, మనవరాలి సంచిలో వెలిసిపోయిన గౌను ఆవిడ కంటపడింది. దిక్కులేని రోజుల నాటి గుడ్డ ఈ పిల్లకి ఇంకా ఎందుకు, ఆ కష్టంతో పాటే ఇదీ పోనీ అనుకుని ఉంటారు. మీరు మూర్ఖత్వం అన్నారు. నాకు అందులో ఒక నాయనమ్మ ప్రేమ కనిపించింది. ఆ ప్రేమ పిల్లని కాల్చింది, నిజమే. దారి తెలియకనే అలా అయింది.

ఒక్కసారి పాప పక్కన నిలబడి చూడండి. తెల్లవారకముందే నిద్రలోంచి లేపి బయటికి తెచ్చారు. కొత్త ఊరు, చీకటి, చలి. ఎదురుగా మనిషెత్తు మంట. ఒంటి మీద కాలిన మచ్చలున్న పిల్ల. చుట్టూ అందరూ పాతవి తెచ్చి వెయ్యండి, ఇంకా వెయ్యండి అని కేకలు. అందులో తన గౌను కూడా పడింది. మీ ఇంటికి రాకముందు నుంచీ తనదంటూ ఉన్నది అదొక్కటే. ఇప్పటికే ఒకచోట నుంచి తెగి వచ్చిన పిల్ల. ఈ ఇంట్లో పాతబడినవాటిని మంటలో వేస్తారని ఆ రోజు కళ్లారా చూసింది. రేపు నన్నూ వేసేస్తారేమో అని మాటల్లో అనుకోలేదేమో గానీ, ఒంట్లో ఆ భయం దిగింది. మాట ఆగిపోవడం, పక్క తడపడం దాని వల్లే. దిష్టి తగిలిందనీ, మొండితనమనీ ఎవరైనా అంటే వినకండి.

భోగిపళ్లూ అంతే. రేగుపళ్లు, చిల్లర, బంతిపూల రేకలు, చెరుకు ముక్కలు కలిపి పోస్తే మనకి దీవెన. పెద్దవాళ్ల చెయ్యి లేచిందంటే దెబ్బ పడుతుందని నేర్చుకున్న పిల్లకి? చుట్టూ పదిమంది నిలబడి, ఒకరి తర్వాత ఒకరు గుప్పిలెత్తితే తల కాపాడుకోక ఏం చేస్తుంది? రెండు చేతులు తల మీద అడ్డుపెట్టుకుని ముడుచుకునే పిల్లల్ని నా దగ్గర చాలామందిని చూశాను. దెబ్బలు తిన్న పిల్లల్లో అది తరచూ కనిపించే అలవాటే. నవ్విన పేరంటాళ్ల మీద కోపం పెట్టుకోకండి. వాళ్లకీ ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సిన మనిషి ఎవరు? మీరు కాదు. మీ నోటి నుంచి వస్తే అది కోడలి ఫిర్యాదు అవుతుంది. కొడుకు చెప్పాలి. తల్లిని బాధపెట్టకూడదనుకోవడం మంచిదే, నేను కాదనను. కానీ నిజం దాచి, దాచినందువల్ల ఆవిడ చేత తప్పు చేయించి, ఆ తప్పుకి కోడలు ఆవిడ్ని లోలోపల తిట్టుకుంటుంటే మధ్యలో నోరు మెదపకుండా కూర్చోవడం ఏ కొడుకు ధర్మం? ఇద్దరు ఆడవాళ్లని శత్రువుల్ని చేసి, తాను మాత్రం అమ్మకి మంచివాడు, భార్యకి మంచివాడు. ఇటువంటి మంచితనాన్ని నేను ఒప్పుకోను. పిల్ల ఐదు రోజులు మూగపోయాక కూడా సర్దుకో అన్నారంటే, ఆయన సర్దుకోమంటున్నది మిమ్మల్ని కాదు, ఆరేళ్ల పసిదాన్ని.

నా అనుమానం ఇంకొకటుంది, తప్పయితే క్షమించండి. బీపీ పైకి చెప్పే కారణం. దత్తత తెచ్చుకున్న పిల్ల నెమ్మది అని తెలిస్తే ఊళ్లో ఏమనుకుంటారోనన్న నామోషీ లోపల ఉన్నట్టుంది. అదే అయితే ఆయనతో మెత్తగానే మాట్లాడండి, కానీ మాట్లాడండి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టు బదులు కలెక్టర్లే ఇస్తున్నారు. మీ ఉత్తర్వు తీసి ఆయన ముందు పెట్టండి. అందులో తల్లి పేరొక్కటే లేదు కదా. తండ్రినని రాసిచ్చిన రోజు నుంచీ ఆ పిల్ల భయం ఆయన భయం కూడా.

మీకూ ఒక మాట. అత్తగారు దూరంగా ఉంటారు, కోప్పడడం తేలిక. పక్క మంచం మీద మనిషితో గట్టిగా మాట్లాడడం కష్టం. ఆ కష్టాన్ని మీరు ఏడాదిగా తప్పించుకుంటున్నారు. ఇంట్లో మీ మాటకి విలువ ఉండాలంటే ముందు మీరే ఆ మాట నోరారా అనాలి.

ఈ ఆదివారం ఆయన చేత ఫోన్ చేయించండి. స్పీకర్ పెట్టమనండి, మీరు పక్కనే ఉండండి, మధ్యలో కల్పించుకోకండి. పాప కథంతా చెప్పక్కర్లేదు. అది పాప సొంతం, పెద్దయ్యాక ఎవరికి చెప్పుకోవాలో తనే తేల్చుకుంటుంది. చుట్టాలకైతే అసలే వద్దు. అత్తగారికి ఇంత చాలు: పాప మన దగ్గరికి రాకముందు దెబ్బలు తింది, మంటన్నా చప్పుడన్నా భయం, వయసుకి తగ్గట్టు అర్థం కావడానికి టైం పడుతుంది. ఇది ఎవరికీ చెప్పొద్దని కూడా ఆయనే చెప్పాలి. ఆ తర్వాత గౌను సంగతి. నీకు చెప్పకపోవడం నా తప్పమ్మా అని ఆయన ఒప్పుకోవాలి. ఆవిడ ఏడుస్తారు. ఏడవనివ్వండి. మనవరాలి కోసం ఏడిస్తే తట్టుకోలేనంత బలహీనురాలిగా కొడుకు తల్లిని లెక్కగట్టడం ఆవిడకి గౌరవం కాదు.

ఇక పండగ. భోగి అంటే మంట ఒక్కటే అనుకోకండి, తలంటు కూడా భోగే. అపార్ట్‌మెంట్ కింద మంట వేస్తుంటే ఆ వైపు కిటికీలు మూసి, పాపని నిద్రపోనివ్వండి, ఎప్పుడు లేస్తే అప్పుడే నలుగు. కొత్త బట్టలు గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి తొడగండి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి కొత్త గుడ్డ ఒంటికి గీరుకున్నా చిరాకే. పేడ దొరికితే గొబ్బెమ్మలు తన చేతే చేయించండి, దొరక్కపోతే మట్టితో. ముద్ద పిసికి పువ్వు గుచ్చే పని పాపకి చాలా నచ్చుతుందని నా నమ్మకం. ముగ్గు మీరు గీసి రంగులు తనని నింపనివ్వండి, గీత దాటితే దాటనివ్వండి.

ఊళ్లో భోగిపళ్లు పోయాలని అత్తగారికి అంత ఉంటే కనుమ నాడు గదిలో మీ ఇంటివాళ్లే కూర్చుని పోసుకోండి. పేరంటం వద్దు. ముందు నాయనమ్మ పీట మీద కూర్చోవాలి. పాప తన చేత్తో రేగుపళ్లు తీసుకుని ఆవిడ తల మీద పోయాలి. కావాలంటే మళ్లీ మళ్లీ పోయనివ్వండి. తర్వాత నీకూ పొయ్యనా అని ఆవిడ అడగాలి. ఊ అంటే నాలుగు పళ్లు. ఊహూ అంటే దోసిట్లో పెట్టేయడం. దీవెన తల మీద నుంచే దిగాలని నియమమేమీ లేదు.

గంగిరెద్దులవాళ్లు సన్నాయి ఊదుకుంటూ వస్తారు కాబట్టి ఆ వేళకి వీధి గదిలో ఉంచకండి, దూరం నుంచి కిటికీలోంచి చూపించండి. కనుమ నాటి జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థం ఈ ఏడు వద్దే వద్దు. పాపకి తలుపు వేసుకునే గది ఒకటి ముందే మాట్లాడి ఉంచండి. బుగ్గలు గిల్లే చుట్టాల్ని ఆపే పని మీవారిది. అరిసెలు దాచుకుంటే లాక్కోకండి, మూతున్న డబ్బా ఒకటిచ్చి ఇది నీదే అనండి. ఆకలి తెలిసిన పిల్ల దాచుకోక మానదు.

గౌను తిరిగి రాదు. కానీ పాపకి ఇప్పటివరకూ ఎవరూ ఆ మాట ఎత్తి చెప్పి ఉండరు. ‘నీ గౌను నాయనమ్మ తెలియక వేసేసింది. నీదని మేం చెప్పాల్సింది, చెప్పలేదు. ఇకమీదట నీ వస్తువు ఎవరూ ముట్టుకోరు’ అని మీ ఇద్దరూ కూర్చోబెట్టి, అర్థమైనా కాకపోయినా నాలుగైదు సార్లు చెప్పండి. ఒక రేకు పెట్టె కొని తాళం చెవి తన మెడలో వెయ్యండి. శిశుగృహలో పాప అప్పటి ఫొటోలు ఏవైనా ఉన్నాయేమో అడగండి, ఆ గౌనుతో ఒక్కటి దొరికినా అదే పెట్టెలో మొదటి వస్తువు. దత్తత తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి ఫాలోఅప్ ఉంటుంది కదా, మీకు చివరిది ఇంకా మిగిలే ఉండాలి. అప్పుడు అంతా బాగుందని సంతకం పెట్టి పంపకుండా ఉన్నదున్నట్టు చెప్పి, కౌన్సెలింగ్ ఏర్పాటు చేయమనండి. అది మీ హక్కు. పాప నెమ్మదికి అసెస్‌మెంట్ ఇంకా చేయించకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది, మీకు దగ్గరే. వెళ్లేటప్పుడు మీవారు కూడా సెలవు పెట్టి రావాలి.

కనుమకి టికెట్లు దొరక్కపోతే ఆ పై ఆదివారం వెళ్లండి. అరిసెలు అప్పటిదాకా నిలవుంటాయి.