పాత విమానం రెక్కలో తుప్పు: బాగుచేయాలా, మార్చాలా?

ప్రశ్న: మేం ముగ్గురు మిత్రులం కలిసి నిరుడు 1946 నాటి పైపర్ జె-3 కబ్ విమానం కొనుక్కున్నాం. ఈసారి వార్షిక తనిఖీలో ఎడమ రెక్క ముందు స్ట్రట్ (రెక్కను విమానం ఒంటికి పట్టి ఉంచే ఉక్కు గొట్టం) కింది భాగంలో సూది పరీక్షకు సొట్ట పడిందని, అది ఇక పనికిరాదని మెకానిక్ చెప్పారు. పైన రంగు నిగనిగలాడుతోంది, వేలితో కొడితే గట్టిగానే ఉంది. పాడైన చోట ఉక్కు తొడుగు వేసి వెల్డింగ్ చేయించుకోవచ్చా? మార్చక తప్పదంటే నాలుగూ మార్చాలా? రెక్క లోపల పొడుగునా దూలంలా ఉండే అల్యూమినియం స్పార్ మీద అక్కడక్కడా తెల్లటి పొడి కూడా కనిపించిందట. దానికేం చేయాలి?
(ఒక పాఠకుడు, హ్యూస్టన్, టెక్సస్)

జవాబు: మీ మెకానిక్ సరిగ్గానే చెప్పారు. ఆ స్ట్రట్‌ను విప్పించి పక్కన పెట్టించండి. కొత్తది బిగించేదాకా విమానాన్ని నేల మీద నుంచి లేపకండి.

కబ్ రెక్కకు ఒక్కో వైపు రెండేసి స్ట్రట్లు ఉంటాయి. గాలిలో రెక్క పైకి లేవబోతుంటే దాన్ని విమానం ఒంటికి బిగపట్టి ఉంచేవి ఈ ఉక్కు గొట్టాలే. ముందు గొట్టం తెగితే రెక్క మడతపడుతుంది, ఆ తరువాత పైలట్ చేయగలిగింది ఏమీ ఉండదు. పాత స్ట్రట్ల చివరలు పూర్తిగా మూసి ఉండవు కనుక గాలిలోని తేమ లోపలికి చేరి, రాత్రి చలికి నీటిబొట్లుగా మారి, కింది చివరకు జారి అక్కడే నిలిచిపోతుంది. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో ఇది ఏడాది పొడుగునా జరిగే పని. తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది కాబట్టి మీరు చూసిన నిగనిగ ఆ గొట్టం గురించి ఏమీ చెప్పదు. రంగు కింద మిగిలిన ఉక్కు రేకు ఎంత మందం ఉందన్నదే ప్రశ్న.

అందుకే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఈ స్ట్రట్ల విషయంలో 1993లో తప్పనిసరి ఆదేశం ఇచ్చి, 1999లోనూ 2015లోనూ దాన్ని కొత్త ఆదేశాలతో మార్చింది. మూసిన రకం కాని స్ట్రట్లను 24 నెలలకు ఒకసారి పరీక్షించాలి. రెక్కను కప్పి ఉంచే గుడ్డ బలాన్ని చూడడానికి తయారైన మౌల్ టెస్టర్ అనే సూది పరికరాన్ని స్ట్రట్ కింది 11 అంగుళాల మేర, 80 అంకె చూపేదాకా నొక్కుతూ పోతారు. ఉక్కు గట్టిగా ఉంటే సూది చిన్న చుక్క పెట్టి ఆగిపోతుంది. రేకు పలచబడి ఉంటే సూది కింద లోహం కుంగి, వేలికి తగిలేంత సొట్ట మిగులుతుంది. ఇలా తప్పిన స్ట్రట్ ఒకదాన్ని నేను రంపంతో నిలువునా కోయించి చూశాను. బల్ల మీద గుప్పెడు ఎర్రపొడి రాలింది, ఒకచోట గొట్టం గోడ అప్పడమంత పలచగా మిగిలింది. బయటి రంగు మీద గీత కూడా లేదు.

తొడుగు వేయడం కుదరదు. పరీక్షలో తప్పిన స్ట్రట్‌ను మార్చాలనే ఆదేశం చెబుతోంది, అందుకు తగిన కారణమూ ఉంది: లోపలి తుప్పు ఎంత దూరం పాకిందో మనకు కనబడదు, కనబడని చోటును శుభ్రం చేయలేం, అప్పటికే పలచబడిన గోడ మీద వెల్డింగ్ వేడి పడితే తొడుగు అంచు దగ్గరే ఇంకొక బలహీనమైన చోటు పుడుతుంది.

నాలుగూ మార్చాలా అన్నది ఖర్చుతో కూడిన ప్రశ్నే. తప్పినదాన్ని మారిస్తే నిబంధన తీరుతుంది. కానీ మిగిలిన మూడూ ఒకే కాలంలో తయారై, అదే హ్యాంగర్‌లో అదే తేమను పీల్చినవైతే, నేనైతే నాలుగూ మార్పిస్తాను. చివరలు పూర్తిగా మూసి తయారుచేసిన కొత్త రకం స్ట్రట్లు కొలరాడోలోని యూనివేర్ వంటి సంస్థల దగ్గర దొరుకుతాయి. అవి బిగిస్తే గొట్టాలకు 24 నెలల సూది పరీక్ష బెడద తీరుతుంది. స్ట్రట్ చివర మరతో బిగించే రెండు కొమ్ముల ముక్కల (ఫోర్కుల) తనిఖీ మాత్రం వేరే లెక్క, దాని గడువులు మీ మెకానిక్‌ను అడిగి రాసిపెట్టుకోండి. మూసిన స్ట్రట్‌కు ఏ చిన్న బిగింపు కోసమైనా రంధ్రం వేయనివ్వకండి, వేస్తే దాన్ని మూసిన ప్రయోజనమంతా పోతుంది. డబ్బు సరిపోక పాత స్ట్రట్లు కొన్ని ఉంచుకోవలసి వస్తే, పరీక్ష నెగ్గిన తరువాత వాటి లోపల అవిసె నూనె పోయించి, గొట్టాన్ని అటూ ఇటూ దొర్లించి, మిగిలింది ఒంపేయించండి.

ఇక స్పార్. తెల్లపొడి అల్యూమినియం తుప్పే. అయితే అందులో రెండు రకాలున్నాయి, ఒకటి తుడిస్తే పోతుంది, ఇంకొకటి పోదు. పైపైన ఉన్నదైతే స్కాచ్‌బ్రైట్ పీచుతో రుద్ది, ఆమ్లపు ద్రావణంతో కడిగి, అలోడైన్ అనే తుప్పు నిరోధక రసాయన పూత పట్టించి, ఎపాక్సీ ప్రైమర్ వేయిస్తే చాలు. శుభ్రం చేశాక మిగిలిన మందం తయారీదారు ఇచ్చిన పరిమితిలో ఉందో లేదో కొలిపించాలి. ఇనుప పీచును, ఇనుప బ్రష్షును దరిదాపులకు రానీయకండి. వాటి తునకలు అల్యూమినియంలో గుచ్చుకుని ఉండిపోయి, తడి తగలగానే కొత్త తుప్పు మొదలుపెడతాయి. రెండో రకంలో లోహం పూతరేకుల్లా పొరలు పొరలుగా విచ్చుకుంటుంది, అంచు ఉబ్బుతుంది, రివెట్ తల పైకి లేస్తుంది. అది కనిపించిన స్పార్‌ను రుద్ది దాచకూడదు, మార్చవలసిందే. స్పార్ మార్పిడి పెద్ద మరమ్మతు కింద లెక్క కాబట్టి ఎఫ్‌ఏఏ 337 పత్రం నింపి, తనిఖీ అధికారం ఉన్న మెకానిక్ చేత సంతకం చేయించాలి.

ఒక్కచోట ప్రత్యేకంగా చూపించమనండి: రెక్కకు ఆకారమిచ్చే అడ్డపట్టీ (రిబ్బు) స్పార్‌ను తాకే మూల, దాని కింద. ఒకసారి నేను అలాంటి మూలలో ఎండుగడ్డితో అల్లిన ఎలుక గూడు తీశాను. దాని కింద స్పార్ మీద అరచేయంత మేర తెల్లగా పొక్కిపోయి ఉంది. ఎలుక మూత్రం అల్యూమినియంను అంతలా తింటుంది. రెక్క వెనక అంచు గుడ్డలో నీరు కారిపోవడానికి ఉన్న చిన్న రంధ్రాలు మూసుకుపోలేదని కూడా చూసుకోండి.

ప్రశ్న: అల్యూమినియం మీద దానంతటదే ఒక రక్షణ పొర ఏర్పడుతుందని చదువుకున్నాం. మరి విమానాల రెక్కల్లో అది ఎందుకు పాడవుతుంది?
(ఇంజనీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: మీరు చదివింది స్వచ్ఛమైన అల్యూమినియం గురించి. అది విమానానికి చాలనంత మెత్తన. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియం కొన్నాళ్లు ఊరికే ఉంచితే గట్టిపడుతుందని కనుక్కున్నాడు. విమానాల్లో విరివిగా వాడే, 2024 అనే సంఖ్యతో పిలిచే మిశ్రమం ఆ కుటుంబానిదే, అందులో రాగి సుమారు 4.4 శాతం ఉంటుంది. బలం ఇచ్చే ఆ రాగే తుప్పుకూ దారి ఇస్తుంది. లోహపు రేణువుల సరిహద్దుల్లో రాగి ఎక్కువ తక్కువలుగా సర్దుకోవడంతో, ఉప్పుతేమ తగిలితే అక్కడ చిన్న చిన్న బ్యాటరీలు పుట్టినట్టవుతుంది. రేకులకైతే ఇరువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలచని పొర అద్దుతారు, దాన్నే ఆల్‌క్లాడ్ అంటారు. అచ్చులోంచి తోసి తీసే స్పార్ పట్టీలకు ఆ పొర ఉండదు. తోసే దిశలో రేణువులు సాగి పొరలుగా పడుకుంటాయి కాబట్టి తుప్పు ఆ పొరల మధ్యకే చొరబడుతుంది. తుప్పు పట్టిన అల్యూమినియం అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే రివెట్లు లేస్తాయి, రేకు ఉబ్బుతుంది. మీ బీచ్ రోడ్డులో పాత అల్యూమినియం కిటికీ చట్రం కనిపిస్తే దాని కింది మూలను దగ్గరగా చూడండి, తేమ నిలిచే చోటే పొక్కులు మొదలై ఉంటాయి.

ప్రశ్న: పాత విమానాల విడిభాగాలమ్మే యార్డులో మా విమానం మోడల్‌దే రెక్క చవకగా దొరుకుతోంది. కొనవచ్చా?
(ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: కొనవచ్చు, కానీ ఆ రెక్క ఏ విమానం నుంచి వచ్చిందో చెప్పే కాగితాలు ఉంటేనే. గుడ్డ విప్పి స్పార్ చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోవాలి. ఆరుబయట గడ్డిలో ఏళ్ల తరబడి పడి ఉన్న రెక్క మీ రెక్క కంటే అధ్వానంగా ఉండవచ్చు. గుడ్డ విప్పనివ్వకపోతే ఆ బేరం వదిలేయండి.