డాక్టర్ సలహా: స్టెంట్ ఉన్న సంగతి సర్జన్‌కి ఎందుకు చెప్పలేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. కుడివైపు గజ్జల్లో హెర్నియా. ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం అడ్మిట్ చేశాం. నైట్ డ్యూటీకి వచ్చిన నర్సు ఆయన పక్కన చాలాసేపు కూర్చుని ఏవేవో అడిగింది. తర్వాత ఎవరెవరికో ఫోన్లు చేసి, పొద్దున జరగాల్సిన ఆపరేషన్ ఆపించేసింది. నాన్నకు 8 నెలల క్రితం గుండెకి స్టెంట్ వేశారు, రక్తం పలుచబడే మాత్రలు రెండు రకాలు వేసుకుంటున్నారు. హెర్నియాకీ గుండెకీ సంబంధం ఏముందని మేం ఆ సంగతి చెప్పలేదు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటారు. ఈమధ్య మోషన్ నల్లగా అవుతోందని ఆ నర్సుతో అన్నారట. అది ఐరన్ టానిక్ వల్లేనని మా నమ్మకం. నేను సెలవు పెట్టుకుని వచ్చాను, అంతా వృథా అయింది. సర్జన్ ఒప్పుకున్న ఆపరేషన్‌ని నర్సు ఆపవచ్చా? ఫిర్యాదు చేయాలా, వేరే ఆసుపత్రికి మారాలా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఫిర్యాదు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ నల్లటి మోషన్ గురించి చెప్పండి. తారులా జిగురుగా, నిగనిగలాడుతూ, మామూలుగా ఉండే వాసన కాకుండా వేరే దుర్వాసన వస్తోందా? అలా ఉంటే కడుపులో పుండు పడి రక్తం కారుతోందేమోనని అనుమానించాలి. ఐరన్ వల్లా మోషన్ నల్లబడుతుంది, నిజమే. కానీ స్టెంట్ మాత్రలు, నొప్పి మాత్రలు కలిపి వాడుతున్న మనిషి విషయంలో ‘టానిక్ వల్లేలే’ అని ఇంట్లో కూర్చుని తేల్చేయకూడదు. నేను మీ నాన్నగారిని చూడలేదు, రిపోర్టులూ చూడలేదు కాబట్టి ఫలానా జబ్బని చెప్పలేను. ఇది చదివిన రోజే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. హిమోగ్లోబిన్ చూస్తారు, అవసరమైతే ఎండోస్కోపీ చేయమంటారు. కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, ఆయాసం, గుండె దడ, రక్తపు వాంతి – వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు నొప్పి మాత్రలు. నా ఓపీలో ప్రతిరోజూ దీని గురించే గొంతు చించుకుంటాను. షాపులో అడగ్గానే స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తారు. కత్తిరించిన ముక్క మీద పేరు సగమే ఉంటుంది. సాధారణంగా అవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి. ఇవి కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి, కిడ్నీల మీద భారం పెంచుతాయి, గుండె జబ్బు ఉన్నవాళ్లలో గుండెపోటు ముప్పునూ పెంచుతాయి. పైన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలుచబడే స్టెంట్ మాత్రలు కూడా తోడైతే చిన్న పుండు నుంచే చాలా రక్తం పోవచ్చు. వాటిని ఈరోజే ఆపించండి. మోకాళ్లకు ఏం వాడాలో గుండె డాక్టర్‌నే అడగండి. ఆఖరికి గ్యాస్ మాత్ర కూడా మీ అంతట మీరు కొనకండి. ఒమెప్రజోల్ రకం మాత్ర క్లోపిడోగ్రెల్ పనితనాన్ని తగ్గించగలదు.

అలాగని ఇది చదివి కంగారుపడి స్టెంట్ మాత్రలు మానేయకండి. స్టెంట్ వేసి 8 నెలలే అయింది. డాక్టర్‌కి చెప్పకుండా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. హెర్నియా ఆపరేషన్‌కి ముందు క్లోపిడోగ్రెల్‌ని సాధారణంగా 5 నుంచి 7 రోజులు ఆపి, ఆస్పిరిన్ కొనసాగిస్తారు. మీ నాన్నగారికి ఎప్పుడు ఆపాలి, అసలు ఇప్పుడు ఆపవచ్చా అన్నది ఆయన గుండె డాక్టరే రాసివ్వాలి. అప్పుడు గుండెపోటు వచ్చి స్టెంట్ వేసి ఉంటే ఇంకొన్ని నెలలు ఆగమనవచ్చు కూడా.

హెర్నియాకీ గుండెకీ సంబంధం ఏముందని రాశారు. హెర్నియా ఆపరేషన్ చాలామందికి నడుముకి మత్తు ఇచ్చి చేస్తారు. క్లోపిడోగ్రెల్ వాడుతున్న మనిషికి అక్కడ సూది గుచ్చితే వెన్నుపాము పక్కన రక్తం చేరి, దాన్ని నొక్కేసి, కాళ్లు చచ్చుబడిపోయే ప్రమాదం ఉంది. అరుదే. కానీ ఆ తర్వాత ఎంత పరుగెత్తినా కొందరికి కాళ్లు తిరిగి రావు. ఆ రాత్రి సిస్టర్ అడగకపోతే పొద్దున జరగబోయేది ఇదే కావచ్చు. అది తలచుకోండి, సెలవు వృథా అయిందన్న బాధ తగ్గుతుంది.

నర్సు ఆపవచ్చా అన్నారు. ఆమె తనకు తెలిసింది చెప్పింది. ఆపాలన్న నిర్ణయం సర్జన్, మత్తు డాక్టర్ తీసుకుని ఉంటారు. అలా చెప్పడం ఆమె డ్యూటీలో భాగమే. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, పేషెంటును బయటికి పంపేముందు మూడుసార్లు ఆగి అందరూ గట్టిగా చెప్పుకుని సరిచూసుకోవాలి. దిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి.

నేను పీజీ చేసేటప్పుడు ఒక హెర్నియా కేసులో ట్రాలీ థియేటర్ తలుపు దాకా వచ్చేసింది. అక్కడున్న సిస్టర్ కేస్ షీట్ చేతిలో పట్టుకుని, వంగి ఆ పెద్దాయన చెవి దగ్గర ‘తాతా, ఏ వైపు?’ అని అడిగింది. ఆయన చెయ్యి కుడి గజ్జ మీద పెట్టాడు. షీట్‌లో ఎడమ అని ఉంది. రాసింది నేనే, ముందురోజు హడావిడిలో. లోపల చీఫ్ చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నారు, టైమవుతోందని కేకలు. ఆమె మాత్రం ట్రాలీని అక్కడే పట్టుకుని నిలబడింది. చీఫ్ స్వయంగా బయటికొచ్చి, పేషెంటుని చూసి, గుర్తు పెట్టాకే వదిలింది. ఇన్నేళ్లయినా కేస్ షీట్‌లో ‘కుడి’ అని రాసిన ప్రతిసారీ నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది.

ఇంకో మాట. మోషన్ సంగతి మీ నాన్నగారు మీకంటే ముందు ఆ సిస్టర్‌కి చెప్పారు. కొడుకు సెలవు పెట్టి వచ్చాడు, ఆపరేషన్ ఆగిపోతే ఎలా అనుకుని మీ దగ్గర దాచి ఉంటారు. పెద్దవాళ్లు ఇలా దాస్తారు. ఆమె తీరిగ్గా పక్కన కూర్చుంది కాబట్టి నోరు విప్పారు. వార్డు నిండా పేషెంట్లున్న రాత్రి అంతసేపు ఒక్కరి దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆమె మీద ఫిర్యాదు చేయకండి. ఈ ఒక్క కారణంతో ఆసుపత్రి మారాల్సిన పని కూడా నాకు కనిపించడం లేదు.

గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, సగం స్ట్రిప్పులు, టానిక్ సీసాతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ కాగితం తప్పనిసరి. ఈలోగా హెర్నియా వాపు గట్టిపడి, నొప్పి పెడుతూ, పడుకున్నా లోపలికి పోకుండా, వాంతులు మొదలైతే దాన్ని చేత్తో బలంగా నొక్కకండి. తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లి, స్టెంట్ ఉంది, ఈ మాత్రలు వాడుతున్నారు అన్న మాట అందరికంటే ముందు మీరే చెప్పండి.