అద్దం తీసేస్తే వేగం పెరుగుతుందా?

ప్రశ్న: పాత స్పోర్ట్స్ కార్ల రేసు ఫొటోల్లో చాలావాటికి ముందు అద్దం ఉండదు. ఉన్నా డ్రైవర్ ముందు చిన్న పలక ఒక్కటే. ఎందుకు? మా చిన్నాన్న విల్లీస్ జీపుకీ అద్దం తీసేయాలని ఉంది. స్పీడు పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: గాలి కోసమే తీస్తారు బాబూ. ఆ కార్లలో అద్దం దాదాపు నిటారుగా ఉండేది. 120 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తున్న పలకను విడిగా లెక్కేస్తే, 80 కిలోమీటర్ల వేగంలో గాలి దాన్ని సుమారు 12 కిలోల బరువుతో వెనక్కి నెడుతుంది. 160కి వెళ్తే ఆ నెట్టుడు నాలుగింతలు. దాన్ని తోసుకుపోవడానికి కావలసిన పవర్ ఎనిమిదింతలు, అంటే పాతిక హార్స్‌పవర్ పైమాటే. వంద హార్స్‌పవర్ కూడా లేని ఇంజన్‌కి అది చిన్న నష్టం కాదు.

1949లో బెల్జియంలోని జబ్బెకె రోడ్డు మీద జాగ్వార్ ఎక్స్‌కే 120కి పెద్ద అద్దం తీసి చిన్న పలక పెట్టి నడిపితే గంటకు 213 కిలోమీటర్లు అందుకుంది. పక్క సీటు మీద పట్టా కప్పాక 217 దాటింది! నాకు ఆ పట్టా సంగతే ఎక్కువ నచ్చుతుంది. నేను పని నేర్చుకున్నది సాలూరు లారీల మీద. ఖాళీ బాడీలో గాలి సుడి తిరిగి బండిని ఎలా వెనక్కి లాగుతుందో అక్కడి డ్రైవర్లందరికీ తెలుసు. కారులో ఖాళీ సీటు చేసేదీ అదే. అద్దం తీసి ఊరుకుంటే సగం పనే.

బరువూ కలిసొస్తుంది. అదే మందంలో ప్లాస్టిక్ పలక గాజులో సగమే తూగుతుంది. 1954లో వచ్చిన పోర్షే స్పీడ్‌స్టర్‌కైతే కంపెనీయే తేలిగ్గా ఊడొచ్చే పొట్టి అద్దం పెట్టింది, రేసు రోజున తీసి మళ్లీ బిగించుకునేలా.

ఇక మీ జీపు. దాని అద్దం బానెట్ మీదకి మడిచేందుకు వీలుగానే చేశారు. కానీ అది కొత్తలోనే గంటకు నూరు కిలోమీటర్ల బండి. మీరు తిరిగే వేగంలో తేడా పెద్దగా తెలియదు. రేసు డ్రైవర్‌కి హెల్మెట్, కళ్లద్దాలు ఉంటాయి, ఎదురుగా కంకర లారీ ఉండదు. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కాక టైరు కింద నుంచి ఎగిరిన రాయి కంటికి తగిలితే? పైగా కంపెనీ ఇచ్చిన రూపం ఇలా మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. దయచేసి తీయకండి. అద్దం చుట్టూ రబ్బరు బీడింగ్ ఎండిపోయి ఉంటే మార్పించండి, వైపర్ బ్లేడ్లు కూడా కొత్తవి వేయించండి.